జీతం లేని పదకొండు మంది

2021 నవంబరు 22, సోమవారం. న్యూయార్క్ సిటీ హాల్. గోపురం కింద రెండు పాయలుగా తిరుగుతూ పైకెళ్లే మెట్లు ఎక్కి రండి. 1865లో లింకన్ పార్థివ దేహాన్ని జనం కడసారి చూసుకునేందుకు ఉంచింది ఈ మెట్ల పైనే. పైకొచ్చాక నగర మండలి సమావేశ మందిరం. లోపలికి వచ్చి గోడవారగా నిలబడండి, పనివాళ్లకు అడ్డం రాకుండా.

డజను మంది దాకా ఉన్నారు. పీఠం మీద నిలబడి ఉన్న థామస్ జెఫర్సన్ చుట్టూ మూగారు. ఏడడుగుల విగ్రహం. ఒక చేతిలో ఈక కలం, ఇంకో చేతిలో స్వాతంత్ర్య ప్రకటన. దూరం నుంచి చూస్తే కంచు అనుకుంటారు. దగ్గరికెళ్తే తెలుస్తుంది, రంగు పూసిన ప్లాస్టర్. మన వినాయక చవితి బొమ్మల్లాగే ఎక్కడ తగిలినా పెచ్చు లేచిపోయే సరుకు. బరువు చూస్తే 400 కిలోలు. అందుకే ఎవరూ తొందరపడటం లేదు. ఫోమ్ ముక్కలు ఒంటికి ఆనిస్తున్నారు, వాటి చుట్టూ చెక్కలు బిగిస్తున్నారు. గంటలు గడుస్తున్నాయి. చివరికి మనిషి మాయమై పెట్టె మిగిలింది. దాన్ని కప్పీల సాయంతో మెట్ల మీదుగా దించి, వెనక తలుపులోంచి బయటికి చేర్చారు. 1915 నుంచి ఈ హాల్లో నిలబడిన అమెరికా మూడో అధ్యక్షుడు వెళ్లిపోయింది దొడ్డిదారినే.

ఇక్కడో తిరకాసు ఉంది. ఈ హాలు మండలి సభ్యులది. ఈ విగ్రహం ఇక్కడ వద్దని 2020లో మేయరుకు ఉత్తరం రాసిందీ వాళ్ల స్పీకరూ, మరికొందరు సభ్యులూను. నగరానికి చట్టాలు చేసేది వాళ్లే. అయినా సరే, తమ హాల్లో ఉన్న బొమ్మను అంగుళం జరిపే అధికారం వాళ్లకు లేదు. నగరానికి చెందిన కళాఖండం ఏదైనా సరే, పెట్టాలన్నా, మార్చాలన్నా, తీసేయాలన్నా పబ్లిక్ డిజైన్ కమిషన్ ఒప్పుకుని తీరాలని నగర చార్టర్ చెబుతోంది. ఆ కమిషన్‌లో ఉండేది పదకొండు మంది. వాళ్లకు జీతం లేదు.

ఒక ఆర్కిటెక్టు, ఒక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు, ఒక చిత్రకారుడు, ఒక శిల్పి. కళ వృత్తి కాని ముగ్గురు. మెట్రోపాలిటన్ మ్యూజియం, బ్రూక్లిన్ మ్యూజియం, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీల తరఫున ఒక్కొక్కరు. మేయరు మనిషి ఒకరు. నియమించేది మేయరే, కానీ తన ఇష్టారాజ్యం కాదు. ఆ ఆర్కిటెక్టులూ కళాకారులూ సామాన్యుల పేర్లు ఫైన్ ఆర్ట్స్ ఫెడరేషన్ అనే సంస్థ ఇచ్చిన జాబితాలోంచే రావాలి. నాకు ఈ ఏర్పాటులో బాగా నచ్చింది ఆ ముగ్గురు సామాన్యులే. శిల్పి ‘ఆహా’ అన్నదాన్ని ‘ఇదేంటండీ’ అని అడగడానికి ఒకరుండాలిగా.

ఇప్పుడు నెల వెనక్కి వెళ్దాం. అక్టోబరు 18, అదీ సోమవారమే. కమిషన్ బహిరంగ విచారణ నడుస్తోంది. మండలిలోని నల్లజాతి, లాటినో, ఆసియా సభ్యుల బృందం తరఫున మాట్లాడుతున్నవాళ్ల మాట సూటిగా ఉంది: తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలను సొంత ఆస్తిగా ఉంచుకున్న మనిషి నీడలో కూర్చుని మేం ప్రజల పని ఎలా చేయాలి? చరిత్రకారుల్లో కొందరు ఇంకో వైపు లాగుతున్నారు. ఈ విగ్రహం గౌరవిస్తున్నది తోట యజమానిని కాదు, మనుషులంతా సమానమన్న ప్రకటన రాసినవాణ్ణి అని వాళ్ల వాదన. ఇదే భవనంలోని గవర్నర్స్ రూములోకి మార్చితే సరిపోతుందన్న సూచనా వచ్చింది.

విగ్రహం పుట్టుక తెలిస్తే వ్యవహారం ఇంకా చిక్కుపడుతుంది. దీన్ని చేయించింది యురయా లెవీ, అమెరికా నౌకాదళంలో ఎదిగివచ్చిన యూదు అధికారి. మత స్వేచ్ఛ కోసం నిలబడ్డాడని జెఫర్సన్ అంటే ఆయనకు భక్తి. ఫ్రెంచి శిల్పి డేవిడ్ దాంజే చేత చేయించి, కంచు విగ్రహాన్ని దేశానికిచ్చాడు, అది వాషింగ్టన్‌లో ఉంది. దాని ప్లాస్టర్ నమూనాను 1834లో న్యూయార్క్‌కు ఇచ్చాడు. అంటే ఒక అల్పసంఖ్యాకుడు కృతజ్ఞతతో ఇచ్చిన కానుకను, ఇంకో అల్పసంఖ్యాకుల సమూహం గాయంగా చూస్తోంది. రెండూ నిజాలే.

కమిషన్ ఏం చేసిందో గమనించండి. జెఫర్సన్ మంచివాడా చెడ్డవాడా అని తీర్పు చెప్పలేదు. తీసేయాలన్నదానికి అందరూ చేతులెత్తారు. ఎక్కడికి పంపాలన్న దగ్గర మాత్రం ఆగారు. టికెట్ కొని చూడాల్సిన చోటికి ప్రజల సొత్తును పంపొచ్చా అని సభ్యుల్లోనే గుంజాటన మొదలైంది. ఆ సంగతి ఆ రోజు తేల్చలేదు. నవంబరులో తేల్చారు: పదేళ్ల అరువు మీద న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ మ్యూజియానికి.

పేపర్లలో పడేది ఇలాంటి రోజులే. 2018 ఏప్రిల్‌లో సెంట్రల్ పార్కు అంచున ఉన్న డాక్టర్ మేరియన్ సిమ్స్ విగ్రహాన్ని తీసేసినప్పుడూ అంతే. మత్తు ఇవ్వకుండా బానిస స్త్రీల మీద శస్త్రచికిత్సలు చేసి స్త్రీ వైద్యంలో పేరు తెచ్చుకున్న ఆయనను కమిషన్ ఏకగ్రీవంగా దింపేసింది. మర్నాడే విగ్రహాన్ని తరలించారు.

కానీ మిగతా సోమవారాలు కదా అసలు పని. ఒక మామూలు రోజున ఇదే కమిషన్ ముందు కూర్చోండి. పార్కుల శాఖవాళ్లు ఓ ఆటస్థలం నమూనా పట్టుకొచ్చారు. కంచె నాలుగడుగులా, ఏడడుగులా? ఏడడుగులైతే పిల్లలకు భద్రమే, చూడ్డానికి మాత్రం జైలు. ఆ మూల ఉన్న పెద్ద చెట్టు ఎందుకు పోతోంది, దారిని రెండడుగులు పక్కకు తిప్పలేరా? బెంచీ మధ్యలో ఆ ఇనుప కమ్మీ దేనికి? ముసలివాళ్లు పట్టుకుని లేవడానికా, ఇల్లు లేనివాడు నడుం వాల్చకుండానా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర గదిలో గాలి మారిపోతుంది. శాఖ ఇంజినీరు కాగితాలు సర్దుకుంటాడు.

ఊహ దశలో ఒకసారి, ప్రాథమిక దశలో ఒకసారి, చివర్లో ఇంకోసారి. గ్రంథాలయమైనా, ఫైర్ స్టేషనైనా, వీధిదీపమైనా అంతే. నగరం డబ్బుతో కట్టే భవనాల్లో ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించాలని 1982లో చట్టం వచ్చాక, ఆ కళాకృతులూ వీళ్ల ముందుకే వస్తున్నాయి.

ఈ మూడు దశల వల్ల పనులు నెలల తరబడి సాగుతున్నాయని శాఖలు గొణుగుతాయి. గొణుగుడులో నిజముంది. జీతం లేకపోవడంలోనూ ఒక మెలిక ఉంది. పనిదినాన పగటి పూట చేతిచమురు వదిలించుకుని కూర్చోగలిగినవాళ్లు ఎవరు? ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్టు కూర్చోగలడు. టాక్సీ తోలేవాడు కూర్చోలేడు. ఆ బెంచీ మీద ఎక్కువసేపు కూర్చునేది మాత్రం రెండోవాడే. ఇది వ్యవస్థలో ఉన్న లోటు, కప్పిపుచ్చాల్సిన పని లేదు.

అయినా నేను వీళ్ల పక్షమే. బరోలనే ఐదు ప్రాంతాలు కలిసి ఒక్క నగరమైన 1898లో ఈ కమిషన్ పుట్టింది. అప్పటి పేరు ఆర్ట్ కమిషన్, 2008లో మారింది. దాతలిచ్చినదల్లా వీధిలో నిలబెట్టేయకుండా ముందు ఎవరో ఒకరు నిదానంగా చూడాలన్నదే అందులో ఆలోచన. మన దగ్గర చౌరస్తాలో రాత్రికి రాత్రి లేచే విగ్రహాన్ని ఎవరడగాలి? ప్రజా రహదారుల మీద విగ్రహాలకు అనుమతులివ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. కోర్టు వద్దనగలదు. ఈ కంచె ఎత్తు తగ్గించండి, ఆ చెట్టు ఉంచండి అనలేదు. అది వేరే రకం ఓపిక. డబ్బు తీసుకోకుండా, గంటల తరబడి ఒక మెట్టు వెడల్పు గురించి వాదించే మనుషులకే అది ఉంటుంది.

క్వీన్స్‌లోనో బ్రూక్లిన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. ఈ విచారణలు బహిరంగమే, ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లోనూ చూడొచ్చు. మీ వీధి చివరి పార్కు ఇంకా కాగితం మీద ఉండగానే వెళ్లండి. పేరు రాయించుకుంటే మాట్లాడనిస్తారు.