బకెట్టు మోసిన చేతులకు డిగ్రీ

1881లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఒంటి బాగోగులు చూడటానికి జేమ్స్ రాబిన్సన్ అనే ఆయన్ని పనిలో పెట్టుకుంది. అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్ కొలువు ఆయనతోనే మొదలైందని చాలామంది చెబుతారు. ఆట నేర్పేవాడు కోచ్. బెణికిన కాలికి కట్టు కట్టి, పట్టేసిన పిక్కకు మర్దన చేసేవాడు ట్రైనర్. ఈ పనికి చదువు కావాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. బకెట్టు నీళ్లు, భుజాన తువ్వాలు, ఎవరికీ చెప్పని మందు కలిపిన తైలం సీసా ఉంటే సరిపోయేది.

అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రం అంత తేలికైన ఆట కాదు. ఒక్క 1905లోనే కనీసం 18 మంది ఆటగాళ్లు చనిపోయారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. ఆట నియమాలు మారాయి. మైదానం పక్కన దెబ్బలు చూసే మనిషి విలువా పెరిగింది.

ఈ విద్యకు తొలి పుస్తకాల్లో ఒకటి రాసింది ఓ వైద్య విద్యార్థే. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ట్రైనర్‌గా పనిచేసిన శామ్యూల్ బిలిక్ 1917 ప్రాంతంలో వెలువరించిన పుస్తకం తర్వాత ‘ట్రైనర్స్ బైబిల్’గా పేరుపడింది. కాన్సస్ రాష్ట్రంలోని గార్డ్‌నర్ అనే చిన్న ఊళ్లో చక్ క్రామర్ కథ ఇంకోలా నడిచింది. పరుగు పందేలలో చీలమండ బెణికితే, తనకోసం తానే ఓ తైలం కాచుకున్నాడు. సోదరుడు ఫ్రాంక్‌తో కలిసి దాన్ని అమ్మకానికి పెట్టాడు. తైలం అమ్ముకుంటూనే ఆ కుటుంబం ట్రైనర్ల కోసం పత్రిక నడిపింది, తరగతులు పెట్టింది. 1950లో కాన్సస్ సిటీలో ట్రైనర్ల జాతీయ సంఘం ఏర్పడితే మొదటి కొన్నేళ్ల ఖర్చు క్రామర్ కంపెనీయే భరించింది. వ్యాపారం తన లాభం చూసుకుంటూనే ఓ వృత్తిని పెంచిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

సంఘమైతే వచ్చింది. మరి విద్యార్థి ఏ మెట్టెక్కి ఈ ఉద్యోగానికి చేరాలి? ఈ ప్రశ్నను పట్టుకున్నది పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హెడ్ ట్రైనర్‌గా ఉన్న విలియం న్యూవెల్. ‘పింకీ’ అంటేనే అందరికీ తెలుసు. 1959లో సంఘం ఆమోదించిన తొలి పాఠ్యప్రణాళికలో గడుసుతనం ఉంది. అందులో ఈ వృత్తికే ప్రత్యేకించిన పాఠాలు చాలా తక్కువ. మిగతాదంతా వ్యాయామ విద్య. దాంతో పాటు ఫిజికల్ థెరపీ కాలేజీలో చేరడానికి కావలసిన సబ్జెక్టులు. ట్రైనర్ ఉద్యోగం దొరక్కపోయినా బడిలో డ్రిల్లు మాస్టారుగా బతకొచ్చు, లేదా పైచదువుకు వెళ్లొచ్చు. కడుపు సంగతి ముందు ఆలోచించిన ప్రణాళిక అది.

అయినా విశ్వవిద్యాలయాలు దాన్ని అందుకోవడానికి పదేళ్లు పట్టింది. 1969లో మన్‌కాటో స్టేట్, ఇండియానా స్టేట్, లమార్, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయాలకు తొలి గుర్తింపు దక్కింది. మరుసటి ఏడు తొలి సర్టిఫికేషన్ పరీక్ష జరిగింది. 1972 దాకా ఆ పరీక్ష రాసిన స్త్రీ లేదు.

కోర్సులో చేరని వాళ్లకూ ఓ దారి ఉండేది. సీనియర్ ట్రైనర్ దగ్గర గంటల తరబడి పని నేర్చుకుని పరీక్షకు కూర్చోవడం. 1990ల నాటికి అందుకు 1500 గంటలు చూపించాలి. తెల్లవారకముందే వచ్చి చీలమండలకు టేపు చుట్టి, ఐసు మోసి, అందరూ వెళ్లాక గది ఊడ్చిన ఆ పిల్లల శ్రమ విశ్వవిద్యాలయాలకు చవకగా దొరికింది. దోపిడీ అనాలంటే అనొచ్చు. కానీ గుర్తింపు ఉన్న కోర్సు అందుబాటులో లేని విద్యార్థికి మిగిలిన తలుపు కూడా అదే. 2004తో అది మూసుకుంది. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని ఆరోగ్య వృత్తిగా గుర్తించాక అలా జరగడం ఎలాగూ తప్పేది కాదు. ఇప్పుడు మాస్టర్స్ డిగ్రీ ఉంటే తప్ప ప్రవేశం లేదు. విజ్ఞానం పెరిగింది, ఫీజులూ పెరిగాయి.

కెనడాలో ఈ వృత్తి వాళ్లు 1965లోనే వేరే సంఘం పెట్టుకున్నారు. అక్కడ వీళ్లు అథ్లెటిక్ థెరపిస్టులు. టొరంటో దగ్గరి షెరిడన్ కాలేజీ, మాంట్రియల్‌లోని కంకార్డియా వంటి చోట్ల చదివి పరీక్ష రాయాలి.

మన దగ్గర ఈ పని ఎక్కువగా ఫిజియోథెరపిస్టులదే. 1994లో మోకాలి లిగమెంటు తెగిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచే దాకా సాగిన దారిలో సర్జన్ల పాత్ర ఎంతో, ఆ మోకాలికి మళ్లీ నడక, గెంతు నేర్పిన వాళ్ల పాత్రా అంతే. ఫిజియోథెరపీలో బీపీటీ డిగ్రీ, ఆపైన స్పోర్ట్స్‌లో ఎంపీటీ పీజీ ఇక్కడి దారి. బీపీటీ చేతపట్టుకుని అమెరికా విమానం ఎక్కాలనుకునే తెలుగు విద్యార్థులు ఒకటి గమనించాలి. అక్కడ ఫిజికల్ థెరపీ, అథ్లెటిక్ ట్రైనింగ్ రెండూ వేర్వేరు వృత్తులు. పరీక్షలు వేరు, లైసెన్సులు వేరు. ఏది కావాలో దరఖాస్తు రుసుము కట్టకముందే తేల్చుకోండి.