తిరుగు ఓడ

కురవి వీరభద్రుని జాతరకు వచ్చిన కుటుంబము మరల ఇల్లు చేరుటకు సందేహింపదు. కూలికై సముద్రము దాటినవారికి ఆ ప్రయాణము అంత సులభము కాలేదు. దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిన తెలుగు కుటుంబములను ఇప్పుడు మనము తలచుకొందము.

1860 నవంబరు 16న మద్రాసు కూలీలతో ‘ట్రూరో’ ఓడ డర్బను చేరినది. చెరకు తోటలలో ఐదేండ్ల ఒప్పందము. ఆ దేశమున పదేండ్లు నిండినచో తిరుగు ప్రయాణము ఉచితము. కాని ఆ పదేండ్లలో పిల్లలు పుట్టిరి, పెరిగిరి.

1895 నాటి చట్టము, ఆపై వచ్చి గడువు తీరిన కూలీలకు మూడు త్రోవలే చూపినది: స్వదేశమునకు మరలుట, మరల ఒప్పందము వ్రాయుట, లేదా ఏటేట 3 పౌనుల పన్ను కట్టుట. తొలి యేటి జీతము నెలకు 10 షిల్లింగులు. పన్ను ఆరు నెలల కూలి! 1903లో పదునారేండ్ల కుమారులకు, పదుమూడేండ్ల కుమార్తెలకు సైతము ఈ భారము తప్పలేదు. గాంధీజీ నాయకత్వమున జరిగిన 1913 సమ్మె ఫలితముగా, 1914లో పన్ను రద్దయినది.

1927 కేప్‌టౌన్ ఒడంబడికతో, మరలి పోవు పెద్దలకు 20, పిల్లలకు 10 పౌనులు ఇచ్చెదమనిరి. అయినను పెక్కు కుటుంబములు నిలిచిపోయినవి. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ వెలసినది.

మరలుట తల్లిదండ్రులకు ఇల్లు చేరుట. బిడ్డలకు పుట్టిన ఊరు విడుచుట. ఇంటింటి ఆ విచారమును పన్నుగాని పైకముగాని తీర్చజాలలేదని మనము గ్రహింపవలెను.