కారుకు పాత గుడ్డల ముసుగు

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి ఇళ్లకూ కారు చేరింది. హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలోని పాత ఇళ్లలో చాలావాటికి షెడ్డు లేదు. బండి గల్లీలో, ఏ వేపచెట్టు కిందో ఆగేది. ఎండకు రంగు వెలిసేది. పిట్టల రెట్ట వెంటనే కడగకపోతే మచ్చ మిగిలేది. కొత్త కవరు ఖర్చెందుకని పాత దుప్పట్లు, చీరలు, టార్పాలిన్ ముక్కలు కలిపి ముసుగు కుట్టేవారు.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల దగ్గర చేత్తో రంగులద్దిన బ్యానర్ల స్థానాన్ని అదే ఆక్రమించింది. సినిమా మారాక దించేసిన ఫ్లెక్సీ ఊరికే పోలేదు: గుడిసెల కప్పులకూ, బండ్ల మీదికీ చేరింది.

ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ నేత మీద పీవీసీ పూత. నీళ్లు దిగవు, గాలీ ఆడదు. వానాకాలంలో లోపల చెమ్మ నిలిచి తుప్పుకు దారితీస్తుంది. గాలికి కొట్టుకుంటే రంగు మీద గీతలు పడతాయి. అందుకే పనితనమంతా అస్తరులోనే ఉంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు పంచెను లోపలివైపు వేసి, కుట్ల మందం బయటికి తిప్పి, అంచు మడతలో ఎలాస్టిక్ దూర్చాలి. చెమ్మ పోవడానికి కింద కొంత ఖాళీ వదలాలి. దుమ్ము తుడవకుండా కప్పితే ఆ నూలు కూడా గరుకు కాగితంలా పనిచేస్తుంది.

పాత ఇళ్ల చోట సెల్లార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్లు లేచేకొద్దీ ఈ ముసుగుల అవసరం తగ్గుతూ వచ్చింది.