లైసెన్సు తుపాకీ – బహిరంగ స్థలాలు (గుంటూరు, ప్రకాశం ప్రాంతం)

లైసెన్సున్న రివాల్వర్‌ను, పిస్తోలును యజమాని ఎక్కడెక్కడికి వెంట తీసుకెళ్లవచ్చో భారతదేశంలో ఆయుధాల చట్టం, దాని నియమాలు నిర్ణయిస్తాయి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ నియమాల చరిత్ర పరాయి పాలనతో, కులంతో, ఎన్నికలతో ముడిపడి ఉంది.

బ్రిటిష్ పాలన

1857 తిరుగుబాటు తరువాత ప్రభుత్వం ప్రజలను నిరాయుధులను చేయడం మొదలుపెట్టింది. వైస్రాయ్ లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపా వారికి మినహాయింపు ఇచ్చింది. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలోను, ఒంగోలు నెల్లూరు జిల్లాలోను ఉండేవి. 1904లో గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు (తరువాత ప్రకాశం) జిల్లా ఏర్పడ్డాయి.

హక్కా, అనుమతా?

నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు పౌరులకు ఉండాలని 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానించింది. రాజ్యాంగంలో ఆ హక్కుకు చోటు దక్కలేదు. పైగా 19(1)(బి) అధికరణ పౌరులకు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కునే ఇచ్చింది. అమెరికాలో మాత్రం ఇంటి బయట తుపాకీ వెంట ఉంచుకోవడం కూడా హక్కేనని 2022లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

1959 చట్టం

1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. పోలీసు నివేదిక చూసి కలెక్టరు లైసెన్సు ఇస్తారు. కమిషనరేట్లలో ఆ అధికారం పోలీసు కమిషనరుది. తుపాకీ ఏ ప్రాంతంలో చెల్లుతుందో లైసెన్సులోనే రాస్తారు. అడవి పందుల నుంచి పంట కాపాడుకునే రైతుకు మందుగుండు కూరి పేల్చే నాటు తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలుంది. అది నిర్ణీత ప్రాంతానికే పరిమితం.

కారంచేడు, చుండూరు

ఈ ప్రాంతంలోనే 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ దాడుల్లో వాడినవి గొడ్డళ్లు, బరిసెల వంటివి. ఆయుధం ఏదైనా, అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీదికి లేచింది అన్నదే ఈ నేలమీద అసలు ప్రశ్న. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాలు ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నాయి. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివారి లైసెన్సులు రద్దుచేసి ఆయుధాలు జమ చేయించుకోవచ్చు. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు ఆత్మరక్షణకై లైసెన్సు ఇవ్వవచ్చు.

ఎన్నికలు

ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు తుపాకులను సమీక్షించి, అవసరమైనవాటిని ఠాణాలో జమ చేయిస్తారు. బ్యాంకు కాపలాదారుల వంటివారికి మినహాయింపు ఉంటుంది. 2024 మే 13 పోలింగు సమయంలో చెలరేగిన ఘర్షణల వల్ల పల్నాడు జిల్లాలో జనం గుమిగూడడాన్ని నిషేధించే 144వ సెక్షను విధించారు.

2016 నియమాలు, 2019 సవరణ

2016 ఆయుధాల నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీ ఒరలో, పైకి కనిపించకుండా ఉండాలి. ఎవరినీ దానితో బెదిరించరాదు, గాలిలోకి కూడా కాల్చరాదు. మీరితే లైసెన్సు రద్దు కావచ్చు. గుంటూరు మిర్చి యార్డుకైనా ఇదే వర్తిస్తుంది. కోటప్పకొండ తిరునాళ్ల వంటి చోటికైతే ప్రత్యేక అనుమతి లేకుండా తుపాకీ తీసుకెళ్లనే రాదు. 2019 సవరణ ఒక్కొక్కరికి తుపాకుల పరిమితిని మూడు నుంచి రెండుకు తగ్గించింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఇతరులకు ప్రమాదం కలిగేలా కాల్చితే రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగదు. 2020 డిసెంబరులో ఆదిలాబాదులో పిల్లల ఆట దగ్గర మొదలైన తగాదాలో ఒక రాజకీయ నాయకుడు లైసెన్సు రివాల్వర్‌తో కాల్చగా ఒకరు మరణించారు. కులతగాదా, ఓట్ల తగాదా ఊరి నడిబజారులోనే రాజుకునే గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో నిజమైన ప్రాణభయం ఉన్నవారికే తుపాకీని పరిమితం చేయడం, జనం గుమిగూడే చోటికి దాన్ని రానీయకపోవడం సరైన విధానం. ఆ భయం ఎవరిదో తేల్చేటప్పుడు బలహీనుడి మాట ముందు వినడం అధికారుల బాధ్యత.