రెంబ్రాంటు – మొగలు చిత్రముల అనుకృతులు

ఐరోపా చిత్రకళాచరిత్రమున హాలండు దేశీయుడగు రెంబ్రాంటు (1606–1669) అగ్రగణ్యుడు. వెలుగునీడల మేళవింపున మానవుని అంతరంగమును వ్యక్తము చేయుటలో ఆతనికి సాటి వచ్చువారు అరుదు. ఇట్టివాడు ప్రౌఢవయస్సున భారతీయ చిత్రములను ముందుంచుకొని ప్రతులు గీసెను. దీనిని మనవారు గర్వముతో పేర్కొందురు. కాని ఆతడు గ్రహించినదేమి, విడిచినదేమి యను విచారము ముఖ్యము.

లైడెను నగరమున ఒక మిల్లు యజమానికి జన్మించిన రెంబ్రాంటు ఆమ్‌స్టర్‌డాము చేరి, సంపన్నుల మూర్తిచిత్రములు రచించి ధనమును, కీర్తిని ఆర్జించెను. 1639లో 13,000 గిల్డర్లకు గొప్ప భవనమును కొనెను. 1642లో భార్య సాస్కియా మరణించెను. పిదప ఋణభారము పెరిగి, 1656లో ఆతడు దివాలా తీసెను. నాటి ఆస్తిపట్టికలో 363 పద్దులు కలవు. శంఖములు, ఆయుధములు, శిలావిగ్రహములు, ఇటలీ చిత్రకారుల కృతులు అందు చేరియున్నవి. దేశదేశముల వస్తువులపై ఆతని మక్కువకు ఈ పట్టికయే సాక్ష్యము.

మొగలు చిత్రముల ప్రతులను ఆతడు 1656–1661 నడుమ గీసెనని పండితుల నిర్ణయము. నేడు 23 లభ్యములు. జహంగీరు, షాజహాను, దారా షికో మున్నగువారి మూర్తులు వీనియందున్నవి. 1602లో ఏర్పడిన డచ్చి తూర్పు ఇండియా కంపెనీకి సూరతునందును, మన మచిలీపట్టణమునందును వర్తకస్థానము లుండెను. ఇట్టి వాణిజ్యసంబంధముల వలననే భారతీయ చిత్రములు హాలండునకు చేరుట సాధ్యమయ్యెను.

ఇవి యథాతథమైన ప్రతులు కావు. మొగలు చిత్రమునకు వర్ణమును, సన్నని రేఖయు ప్రాణములు. రెంబ్రాంటు వర్ణములను చాలవరకు విడిచి, గోధుమవన్నె సిరాతో గీసి, నీడలను చేర్చెను. ఉడుపులను, తలపాగలను, భంగిమలను మాత్రము శ్రద్ధతో గ్రహించెను. చెట్టు క్రింద నలుగురు పెద్దలు కూర్చున్న మొగలు చిత్రమొకటి వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనమున కలదు. దానికి రెంబ్రాంటు గీసిన ప్రతి లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నది. అబ్రహాము దేవదూతలకు ఆతిథ్యమిచ్చు ఘట్టమును 1656లో ఆతడు రాగిరేకుపై చెక్కి ముద్రించెను. అందు అతిథులు నేలపై కూర్చున్న తీరునకు ఈ చిత్రమే ఆధారము. బైబిలు కథలు జరిగిన తూర్పుదేశముల జీవనరీతి ఇట్టిదని ఆతడు భావించి యుండవచ్చును.

కావున రెంబ్రాంటు శైలి భారతీయమైనదనుట అతిశయోక్తి. వింతవస్తువులపై కుతూహలము మాత్రమే యనుట న్యూనోక్తి. భవనము 1658లో పరహస్తగతమగు నాటి దుర్దశలోను ఆ యాబదియేండ్ల గురువు పరదేశ చిత్రకారుల యెదుట విద్యార్థి యయ్యెను. ఈ జిజ్ఞాసయే మనము గుర్తింపవలసిన విషయము.