కణముల లెక్క – సంతాన సాఫల్యపు అంచనా

ఒక ఘన మిల్లీమీటరు రక్తములో ఎఱ్ఱకణములు సుమారు 50 లక్షలుండును. 20వ శతాబ్దపు పూర్వార్ధమున వీనిని లెక్కించుట చాల శ్రమతో కూడిన పని. రక్తమును పలుచనచేసి, గళ్ళు గీచిన గాజుపలకపై నుంచి, సూక్ష్మదర్శినిలో చూచుచు ఒక్కొక్క కణమును కంటితో లెక్కించెడివారు. కొన్ని వందల కణములను మాత్రమే లెక్కించి, మిగిలినది గుణకారముచే తేల్చెడివారు. కన్ను అలసినచో లెక్క తప్పును. లెక్క తప్పినచో వైద్యుని నిర్ణయమును తప్పును.

ఈ చిక్కును విడదీసినవాడు వాలెస్ కూల్టర్ అను అమెరికా ఇంజనీరు. ఇతడు 1913లో ఆర్కన్సా రాష్ట్రమున జన్మించెను. 1940 దశకములో చికాగో నగరమున, నేలమాళిగలోని చిన్న ప్రయోగశాలలో ఇతడొక సులభోపాయమును కనుగొనెను.

తిరునాళ్ళలో గుమిగూడిన జనమును చూపుతో లెక్కించుట సాధ్యము కాదు. కాని వారందరు ఒక ఇరుకు వాకిలిగుండ ఒక్కొక్కరుగా పోవునప్పుడు లెక్కించుట సులభము. కూల్టర్ చేసినదియు ఇదియే. ఉప్పునీటిలో కలిపిన రక్తమును మిక్కిలి సన్నని రంధ్రముగుండ ప్రవహింపజేసి, రంధ్రమునకు ఇరుప్రక్కల విద్యుద్ధ్రువముల నుంచెను. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా ప్రసరింపనిచ్చును. రక్తకణము అట్లు ప్రసరింపనీయదు. కావున కణము రంధ్రములో ప్రవేశించిన క్షణమున విద్యున్నిరోధము పెరుగును. ఒక్కొక్క స్పందనము ఒక్కొక్క కణమునకు గుర్తు. స్పందనము ఎంత పెద్దదైన కణము అంత పెద్దది. ఈ విధముగ సెకనుకు వేలకొలది కణముల సంఖ్యయు పరిమాణమును తెలియును.

అతడు పేటెంటు కొఱకు ప్రయత్నించినపుడు, రంధ్రమునకు పేటెంటు దొరకదని కొందఱు న్యాయవాదులు నిరాకరించిరని చెప్పుదురు. అయినను 1949 ఆగస్టు 27న దరఖాస్తు చేయబడెను. 1953 అక్టోబరు 20న 2,656,508 సంఖ్య గల పేటెంటు లభించెను. 1965లో మాక్ ఫుల్వైలర్, లాస్ అలమాస్ ప్రయోగశాలలో ఈ సూత్రము నాధారముగా గొని కణములను పరిమాణమునుబట్టి వేరుచేయు యంత్రమును నిర్మించెను.

అయితే రంధ్రము కణమును లెక్కించునేగాని దాని లోపలి స్థితిని చెప్పజాలదు. సంతాన సాఫల్యపు విషయమున ఈ లోపము ముఖ్యమైనది. వీర్యకణముల సంఖ్య చాలినంత యున్నను, వానిలోని డి.ఎన్.ఏ. చెడియుండవచ్చును. 1980లో డొనాల్డ్ ఎవెన్సన్, అతని సహచరులు ఇందులకు ఒక పరీక్షను ప్రకటించిరి. వీర్యకణముల కేంద్రకములను వేడిచేసి, అక్రిడిన్ ఆరెంజ్ అను రంగు నద్ది, సన్నని ధారలో వరుసగా నడిపించి, ఒక్కొక్క దానిపై కాంతిని ప్రసరింపజేసిరి. జంటపోగుల డి.ఎన్.ఏ. పచ్చగను, విడిపోయిన పోగు ఎఱ్ఱగను వెలిగినవి. ఆబోతులు, ఎలుకలు, మనుష్యులు – మూడింటి యందును, సంతానోత్పత్తి శక్తి తక్కువయైన లేక సందేహాస్పదమైన వారి కణములలో ఎఱ్ఱని వెలుగు హెచ్చుగ కనబడెను. ఈ పద్ధతికి 1985లో పేటెంటు లభించెను.

సంతానము కలుగనిచో నింద స్త్రీపైననే మోపు వాడుక లోకమున చిరకాలముగా నున్నది. లోపము పురుషునియందును ఉండవచ్చునని ఇట్టి కొలతలు ప్రత్యక్షముగ చూపినవి. అయినను ఏ ఒక్క సంఖ్యయు తీర్పు కాదు. గర్భధారణ ఇరువురి ఆరోగ్యముపై ఆధారపడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి కరదీపికలో డి.ఎన్.ఏ. పరీక్షను ప్రాథమిక పరీక్షలలో కాక, విస్తృత పరీక్షలలో చేర్చుట ఇందుకు నిదర్శనము.

కొలుచుట విజ్ఞానమునకు మొదటి మెట్టు. కొలిచిన సంఖ్య ఏమి చెప్పునో, ఏమి చెప్పదో ఎఱుగుట రెండవ మెట్టు.