రిచర్డ్ బి. సిల్వర్‌మన్

రిచర్డ్ బి. సిల్వర్‌మన్ (జననం: 1946) అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త, ఆచార్యుడు. ఎంజైముల పనితీరు ఆధారంగా మందులను రూపొందించడం ఆయన పరిశోధన రంగం. నరాల నొప్పికి, మూర్ఛకు వాడే ప్రీగాబలిన్ ఆయన ప్రయోగశాలలోనే పుట్టింది.

విద్య, ఉద్యోగం

ఫిలడెల్ఫియాలో జన్మించిన సిల్వర్‌మన్ 1968లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ నుంచి బీఎస్, 1974లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ పొందారు. బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఎంజైమ్ రసాయన నిపుణుడు రాబర్ట్ ఎబెలెస్ వద్ద రెండేళ్లు పరిశోధన చేసి, 1976లో ఇలినాయ్ రాష్ట్రం ఎవాన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చేరారు.

ఎంజైములపై పరిశోధన

మెదడులో నరకణాల ఉద్రేకాన్ని అణచే రసాయనం గాబా. దాన్ని ఒక ఎంజైమ్ గ్లుటమేట్ నుంచి తయారుచేస్తే, గాబా అమైనోట్రాన్స్‌ఫరేజ్ అనే మరో ఎంజైమ్ విచ్ఛిన్నం చేస్తుంది. ఈ రెండోదాన్ని ఆపితే గాబా పెరిగి మూర్ఛలు అదుపులోకి వస్తాయన్నది సిల్వర్‌మన్ ఆలోచన. అందుకు ఆయన గాబాను పోలిన అణువులను తయారుచేశారు. ఎంజైమ్ అలాంటి అణువును గాబాగానే భావించి పని మొదలుపెడుతుంది. ఆ చర్యలో పుట్టిన పదార్థమే ఎంజైముకు గట్టిగా అతుక్కుని, దాన్ని పనికిరాకుండా చేస్తుంది.

ప్రీగాబలిన్

1989లో పోలండ్ నుంచి వచ్చిన పరిశోధకుడు రిషార్డ్ ఆండ్రుష్కేవిచ్, సిల్వర్‌మన్ కలిసి గాబా గొలుసులోని మూడో కార్బన్‌కు రకరకాల కొమ్మలు చేర్చిన అణువులను తయారుచేశారు. అవి అమైనోట్రాన్స్‌ఫరేజ్‌ను ఆపలేదు. గాబాను తయారుచేసే ఎంజైమును మాత్రం చురుకుపరిచాయి. వాటిలో ఐసోబ్యూటైల్ కొమ్మ ఉన్న అణువు ఎలుకల్లో మూర్ఛను బలంగా అడ్డుకుంది. అదే ప్రీగాబలిన్. అయితే అది ఎంజైము ద్వారా కాక, నరకణాల్లోని కాల్షియం మార్గాలకు చెందిన ఆల్ఫా-2-డెల్టా భాగానికి అతుక్కుని పనిచేస్తుందని తర్వాత తేలింది. తొలి అంచనా తప్పినా, దాన్ని నమ్మి చేసిన అణువు మందుగా నిలిచింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004 డిసెంబరులో దీన్ని మధుమేహం వల్ల వచ్చే నరాల నొప్పికి, అక్కి తగ్గాక మిగిలే నొప్పికి ఆమోదించింది. ఫైజర్ దీన్ని లిరికా పేరుతో విక్రయించింది.

రచనలు, గుర్తింపు

ఔషధ రూపకల్పనలోని కర్బన రసాయన శాస్త్రంపై 1992లో వెలువడిన ఆయన పాఠ్యగ్రంథం పలు ముద్రణలు పొందింది. 2009లో పెర్కిన్ పతకం లభించింది. ప్రీగాబలిన్ రాయల్టీలో కొంత భాగాన్ని సిల్వర్‌మన్ తన విశ్వవిద్యాలయానికే విరాళంగా ఇచ్చారు. దాంతో రూపుదిద్దుకున్న పరిశోధన భవనం ఆయన పేరుతోనే సిల్వర్‌మన్ హాల్‌గా నడుస్తోంది.